చెప్పమన్నది నేనే

2023 కార్తీకంలో ఒక సాయంత్రం, నా పాత విద్యార్థిని వాళ్లమ్మ మా ఇంటికొచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు. అరుగు మీదైనా కూర్చోమంటే కూర్చోలేదు. గుమ్మం దగ్గరే నిలబడి, "నీ పెండ్లప్పుడు నువ్వు చెప్పినావా టీచరమ్మా?" అని అడిగింది. దేని గురించో నాకు వెంటనే అర్థమైంది. "లేదు" అన్నాను. "మరి మా పాపకెందుకు చెప్పమంటివి?" అంది. నా దగ్గర జవాబు లేదు. కాసేపు చూసి, పొయ్యి కాడ పనుందని వెళ్లిపోయింది.

ఆమె కోపంగా అడిగి ఉంటే బాగుండేది. కోపానికి ఏదో ఒకటి సర్ది చెప్పొచ్చు. ఆమె నిజంగా తెలుసుకోవాలని అడిగింది. అప్పట్నించీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

జరిగింది ఇది. ఏటా మే నెల మొదటి మంగళవారాన్ని ప్రపంచ ఆస్తమా దినంగా జరుపుతున్నారు, 1998 నుంచి. ఆ ఏడాది అది మే 2న వచ్చింది. మా పత్తికొండలో పొదుపు సంఘాల ఆడవాళ్లను కూర్చోబెట్టి అవగాహన సమావేశం పెట్టారు. డాక్టరుగారు మాట్లాడాక నన్ను పిలిచారు. చిన్నప్పట్నించీ ఉబ్బసం ఉండి కూడా ముప్పై ఏళ్లు సుద్దముక్కల దుమ్ములో పాఠాలు చెప్పిన టీచరునని పరిచయం చేశారు. నేను బ్యాగులోంచి ఇన్‌హేలర్ తీసి చూపించాను. సిగ్గుపడొద్దన్నాను, దాచొద్దన్నాను. అంతటితో ఆగి ఉంటే సరిపోయేది. చప్పట్లు పడుతున్నాయి కదా, ఇంకొంచెం ముందుకు పోయి, పెళ్లి సంబంధాల్లో కూడా దాచకండి, మీ జబ్బును ఒప్పుకోనివాడు మిమ్మల్నీ ఒప్పుకోడు అన్నాను. వెనక వరసలో కూర్చున్న ఆ అమ్మాయి నా మాట నమ్మింది. ఎనిమిదో తరగతిలో పిల్లికూతలు వినిపించకుండా నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని కూర్చునే పిల్ల అది. దసరా తర్వాత గుంతకల్లు వైపు నుంచి సంబంధం వచ్చి, మాటలు దాదాపు అయిపోయాక, తనే అబ్బాయికి ఫోన్ చేసి చెప్పింది. మూడో రోజుకు "జాతకాలు కుదర్లేదు" అని కబురొచ్చింది. ఆ తర్వాత రెండు సంబంధాలు గడప దాకా కూడా రాలేదు. ఊళ్లో ఎవరికి తెలియాలో వాళ్లందరికీ అప్పటికే తెలిసింది.

ఇక నా సంగతి.

నాకు ఏడేళ్లప్పుడు మొదలైంది. మా అమ్మ దాన్ని ఎప్పుడూ పేరుపెట్టి పిలవలేదు. ఉబ్బసం అనలేదు, దమ్ము అనలేదు. "పాపకు కొంచెం పడిశం" అనేది. మూడేళ్లు వరసగా మృగశిర కార్తెకు హైదరాబాదు తీసుకెళ్లింది, చేపమందుకు. అప్పుడు పాతబస్తీలో దూద్‌బౌలి దగ్గర ఇచ్చేవాళ్లు. బతికున్న కొరమీను పిల్ల నోట్లో పసుపుపచ్చటి ముద్ద పెట్టి గొంతులో వేస్తారు. నలభై అయిదు రోజులు పథ్యం. ఆ మందులో ఏముందో ఎవరికీ చెప్పరు. అది పనిచేస్తుందనడానికి శాస్త్రీయమైన రుజువు ఇప్పటికీ లేదు. జన విజ్ఞాన వేదికవాళ్లు ఏళ్ల తరబడి ఆ మాటే చెబుతున్నారు. నాకూ గుణం కనిపించలేదు. అయినా ఆ వరసను నేను మర్చిపోలేను. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన వేలమంది, ఆడా మగా, దగ్గుతూ, రొప్పుతూ, ఒకరి వీపు మీద ఒకరు చెయ్యి వేసుకుని నిలబడి ఉన్నారు. ఎవరూ నోటికి కొంగు అడ్డం పెట్టుకోలేదు. నేను మనసుతీరా దగ్గింది ఆ వరసలోనే. మళ్లీ ఇంటికొచ్చేటప్పుడు మా అమ్మ బస్సులో నాకు నేర్పింది, "ఎవరన్నా అడిగితే పెండ్లికి పోయొచ్చినామని చెప్పు" అని.

1989లో నా పెళ్లి. పెళ్లిచూపుల ముందురోజు రాత్రి అమ్మ నాకు రెండు మాత్రలు మింగించింది, పొద్దున మరొకటి. చేతులు వణుకుతుంటే కాఫీ గ్లాసులున్న పళ్లెం గలగలమంది. సిగ్గు అనుకున్నారు. అది మాత్రల వల్ల వచ్చిన వణుకు. అయిదో నెల కడుపుతో ఉన్నప్పుడు ఒక రాత్రి పడుకోలేక, దిండ్లు ఎత్తుగా పెట్టుకుని తెల్లవార్లూ కూర్చున్నాను. అప్పుడు బయటపడింది. "మోసం చేసినారు" అన్నారు మా అత్తగారు. ఆ మాట పదేళ్ల పాటు అన్నంలో రాయిలా తగులుతూనే ఉంది. మా ఆయన మంచివాడే. "ముందే చెప్పుంటే కూడా చేసుకునేవాణ్ణి" అన్నాడు. పెళ్లయిన తర్వాత ఆ మాట చెప్పడం సులువు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన చేతిలో సిగరెట్ ఉంది. రోజుకు ఒక పెట్టె తాగేవాడు. పెళ్లిచూపుల్లో ఆ సంగతి వాళ్లు చెప్పలేదు, మేమూ అడగలేదు. దాన్ని ఎవరూ మోసం అనలేదు. నాకు కూడా చాలా ఏళ్లు తట్టలేదు.

1991లో 'సవాలక్ష సందేహాలు' వచ్చింది. ఒక స్నేహితురాలు ఇస్తే రాత్రిళ్లు చదివాను. నెలసరి గురించి, గర్భసంచి గురించి, తెల్లబట్ట గురించి నోరు విప్పి మాట్లాడటం మా తరం ఆడవాళ్లం అలాంటి పుస్తకాల దగ్గర నేర్చుకున్నాం. స్కూల్లో ఆడపిల్లలకు నేనే చెప్పేదాన్ని. అదే రోజు స్టాఫ్ రూములో ఆయాసం వస్తే మాత్రం బాత్రూములోకి పోయి తలుపేసుకుని ఇన్‌హేలర్ పీల్చుకునేదాన్ని. శరీరం గురించి సిగ్గుపడకూడదని చెబుతూనే ఒక అవయవాన్ని ఆ లెక్కలోంచి తీసేశాను. ఊపిరితిత్తులకు ఆడా మగా తేడా లేదని అనుకున్నానేమో.

దాచడం అబద్ధమేనా? మా అమ్మ చదువుకోలేదు గాని పురాణం వింది. నేను నిలదీస్తే భాగవతం చెప్పింది. వామనచరిత్రలో శుక్రాచార్యుడు బలికి బోధిస్తాడు కదా, ఫలానా ఫలానా చోట్ల అబద్ధమాడినా పాపం లేదని. ఆ జాబితాలో పెళ్లి విషయాలు ఉన్నాయి, ప్రాణం, మానం పోయే సందర్భాలు ఉన్నాయి. మా అమ్మ తన తప్పుకు అందులో క్షమాపణ వెతుక్కుంది. కానీ ఆ జాబితాలో అన్నిటికంటే ముందున్నది ఆడవాళ్లు. ఆడవాళ్లతో అబద్ధమాడవచ్చు అని. అంటే చెప్పేవాడూ మగవాడే, వినేవాడూ మగవాడే. అబద్ధం చెల్లుబాటయ్యే చోట్లలో మనం ఒక చోటు. పెళ్లి విషయాల్లో బొంకవచ్చన్న సౌకర్యం కూడా నిజానికి ఎవరికి అందింది? సిగరెట్ పెట్టె సంగతి చెప్పని వాళ్లకు అందింది. మాకు అందలేదు. మాది మోసమయింది. ఇంతా చేసి బలి ఆ సలహా వినలేదు, మాట తప్పనన్నాడు, అందుకే గొప్పవాడయ్యాడు. మాట తప్పనందుకు ఆయనకు కీర్తి దక్కింది. మా విద్యార్థినికి దక్కిందేమిటో చెప్పాను.

చట్టం ఏమంటుందో కూడా చూశాను. 1955 నాటి హిందూ వివాహ చట్టంలో మూర్ఛరోగం ఉన్నవాళ్ల పెళ్లికి ఉన్న అడ్డంకిని 1999లో తీసేశారు. కుష్ఠు వ్యాధిని విడాకుల కారణాల్లోంచి 2019లో తీసేశారు. ఎవరో ఏళ్ల తరబడి పోరాడితే అయిన పనులివి. ఆస్తమా ఆ పట్టికల్లో ఎప్పుడూ లేదు. అయితే ముఖ్యమైన సంగతి దాచి, మోసంతో సమ్మతి తీసుకుంటే పెళ్లిని రద్దు చెయ్యమని అడగొచ్చనే నిబంధన ఉంది. ఏది ముఖ్యమైన సంగతి? చట్టం దానికి జాబితా ఇవ్వలేదు. మన ఊళ్లలో దాన్ని తేల్చేది పెళ్లివారి పెద్దమనుషులు. వాళ్ల లెక్కలో పిల్ల రంగు ముఖ్యం, ఎత్తు ముఖ్యం, దగ్గు ముఖ్యం. పిల్లవాడి బీడీ ముఖ్యం కాదు.

కాబట్టి దాచండి అని చెప్పనా? చెప్పలేను. ఎందుకో చెప్పడానికి కొంచెం జబ్బు సంగతి చెప్పాలి.

ఆస్తమాలో జరిగేవి రెండు. శ్వాసనాళాల లోపలి పొర వాచి ఉంటుంది. వాటి చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుంటాయి. నీలం రంగు ఇన్‌హేలర్‌లోని సాల్బుటమాల్ బిగిసిన కండరాన్ని నిమిషాల్లో వదులు చేస్తుంది. వాపును ముట్టుకోదు. వాపు తగ్గించేది ఇంకొక మందు, కొద్ది మోతాదు స్టెరాయిడ్. అది క్రమం తప్పకుండా పీల్చాలి, బాగున్నరోజు కూడా. ఆస్తమా చికిత్సకు ప్రపంచమంతా చూసుకునే గినా మార్గదర్శకాలు 2019లో తేల్చి చెప్పాయి, పెద్దవాళ్లకు, యుక్తవయసు పిల్లలకు ఆ ఉపశమనం మందొక్కటే ఇవ్వడం ప్రమాదమని, వాపు తగ్గించే మందు తోడుండాల్సిందేనని. ఇప్పుడు దాచుకునేవాళ్ల వైపు నుంచి ఆలోచించండి. ఎప్పుడో ఒకసారి బాత్రూములో పీల్చే మందును దాచొచ్చు. రోజూ పొద్దునా రాత్రీ పీల్చి, నోరు పుక్కిలించాల్సిన మందును ఉమ్మడి కుటుంబంలో ఎక్కడ దాస్తారు? మాత్ర అయితే తలనొప్పిదనో రక్తం మాత్రనో చెప్పుకోవచ్చు. అందుకే మాత్ర కావాలంటాం, సూదిమందు కావాలంటాం. పీల్చే సాల్బుటమాల్ ఒక్కో మోతాదు 100 మైక్రోగ్రాములు. మాత్రలో 2 నుంచి 4 మిల్లీగ్రాములు, అంటే ఇరవై నుంచి నలభై రెట్లు. నా పెళ్లిచూపుల్లో పళ్లెం గలగలలాడింది అందుకే. ఇన్‌హేలర్ అలవాటైపోతుందని, అది ఆఖరి మందని ఊళ్లో ప్రచారం. జనం దాన్ని నమ్ముతున్నారని డాక్టర్లు బాధపడతారు. నాకేమో, ఆ నమ్మకం సగం సాకు అనిపిస్తుంది. ఏ మందు దాచుకోవడానికి వీలవుతుందో ఆ మందునే మనం నమ్ముతాం.

ప్రపంచంలో ఆస్తమా ఉన్నవాళ్లలో సుమారు 13 శాతం మంది మన దేశంలో ఉన్నారని, ఆస్తమా చావుల్లో మాత్రం 40 శాతానికి పైగా ఇక్కడే జరుగుతున్నాయని లెక్కలు. ఈ రెండు అంకెల మధ్య ఉన్న తేడాలో డబ్బు లేకపోవడం ఉంది, మందు అందకపోవడం ఉంది. తలుపేసిన బాత్రూములు కూడా కొన్ని ఉంటాయి.

తెలిసి చెప్పినా నమ్మని సంగతి ఒకటుంది. నలభై ఏళ్లప్పుడు నేను ఒక డాక్టరు దగ్గరికి పోతే, గుండెల మీద స్టెతస్కోపు పెట్టకుండానే "టెన్షన్ తగ్గించుకోండి మేడం" అన్నాడు. పక్కనున్న మా ఆయన్ని చూసి నవ్వాడు కూడా. ఆడదాని ఆయాసం మనసులోంచి వస్తుందని ఆయనకు ముందే తెలుసు. మిరాండా ఫ్రికర్ అనే తత్వవేత్త 2007లో రాసిన పుస్తకంలో దీనికొక పేరు పెట్టింది. చెప్పే మనిషి ఎవరన్నదాన్ని బట్టి ఆ మాటకు విలువ తగ్గించడం కూడా అన్యాయమే, తెలిసిన మనిషిగా ఆమెకు జరిగే అన్యాయం అంటుంది. చదివినప్పుడు నాకు ఆ నవ్వు గుర్తొచ్చింది. ఒకచోట చెబితే నమ్మరు, ఇంకొకచోట చెబితే నమ్మి వెళ్లిపోతారు.

ఆ సమావేశం సంగతికి మళ్లీ వస్తాను. డాక్టరుగారు మంచి మాటలే చెప్పారు. పొగకు దూరంగా ఉండండి, దుమ్ముకు దూరంగా ఉండండి. ఆ ఆడవాళ్లు తలూపారు. వాళ్లలో సగంమంది ఏటా సంక్రాంతి దాటాక గుంటూరు వైపు మిరప కోతలకు వలస పోయేవాళ్లే. ఎండుమిరప ఘాటు ముక్కులో, కళ్లలో, చంటిబిడ్డ గొంతులో ఎట్లా దిగుతుందో వాళ్లకు తెలియక కాదు. వర్షాలు లేని ఏడు ఊళ్లో ఉండి ఏం తింటారు? శెనక్కాయ నూర్పిళ్ల దుమ్ము వద్దంటే కూలి ఎవరిస్తారు? అవగాహన వాళ్లకు లేదని మనం అనుకుంటాం. అవగాహన అనే మాటలోనే ఒక తీర్పు ఉంది. తప్పు తెలియకపోవడంలో ఉందని, తెలియనిది పీల్చేవాళ్లకేనని.

పొగ సంగతి ఎప్పటినుంచో తెలుసు. హైదరాబాదు ఇంజనీరింగ్ పరిశోధనశాలలో ఎస్.పి. రాజు అనే ఇంజనీరు పొగగొట్టంతో ఒక మట్టిపొయ్యి తయారుచేసి, లక్షలమందికి పొగలేని వంటిళ్లు అనే అర్థం వచ్చే పేరుతో 1953లోనే ఇంగ్లీషులో చిన్న పుస్తకం రాశాడు. 1980ల మొదట్లో కిర్క్ స్మిత్, ఆయనతో పనిచేసినవాళ్లు గుజరాత్ పల్లెల్లో వంట చేస్తున్న ఆడవాళ్లు పీల్చే గాలిని కొలిచారు. 1999లో మనకు దీపం పథకం, 2016లో ఉజ్వల, 2024లో ఏడాదికి మూడు ఉచిత సిలిండర్ల దీపం. అన్నీ మంచివే, కాదనను. ఇళ్లలోని పొగ వల్ల 2020లో ప్రపంచమంతటా 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆ పుస్తకానికీ ఈ అంచనాకీ మధ్య అరవై ఏడేళ్లు.

నా విద్యార్థిని తల్లి జొన్నరొట్టెలు చేసి అమ్ముతుంది. రోజుకు నూరు, పండగరోజుల్లో ఇంకా ఎక్కువ. ఇంట్లో గ్యాసుంది, దాని మీద టీ, కూర. రొట్టెలు మాత్రం పెరట్లో కట్టెల పొయ్యి మీద. నూరు రొట్టెలు గ్యాసు మీద కాలిస్తే మూడు సిలిండర్లు ఎన్ని రోజులొస్తాయో ఆమె వేళ్ల మీద లెక్కవేసి చెబుతుంది. కందికట్టె, పత్తికట్టె చేలల్లోంచి ఊరికే వస్తాయి. పెనం మీదికి వంగి, తడిచేత్తో రొట్టెను అద్దుతూ, మంట తగ్గితే ఊదుగొట్టంతో ఊదుతూ ఉంటుంది. ఆ పిల్ల ఆ పొయ్యి పక్కనే పెరిగింది, దాని మీద వచ్చిన డబ్బుతోనే డిగ్రీ చదివింది. ఇందులో అవగాహన ఎవరికి లేదో నాకు తెలియడం లేదు.

పత్తికొండ పేరు చరిత్రపుస్తకాల్లో కనిపించేది ఒక చావు వల్ల. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1827 జులై 6న ఇక్కడే కలరాతో చనిపోయాడు. ఆయన పేరు మీద బావి తవ్వించారు, తోపు వేశారు. కలరా చెడుగాలి వల్ల వస్తుందని ఆ రోజుల్లో వైద్యులు చాలామంది నమ్మేవాళ్లు. నీళ్లు చేసిన పనికి గాలిని తిట్టారు. ఇప్పుడు గాలి చేసిన పనికి ఆడపిల్లను తిడుతున్నాం. ఈ పోలిక కొంచెం దూరం పోయిందని నాకూ తెలుసు, కానీ ఆ బావి పక్కనుంచి పోయినప్పుడల్లా గుర్తొస్తుంది.

ఆమె ప్రశ్నకు నాకు దొరికినంత మట్టుకు జవాబు ఇది. సత్యం చెప్పమనడం తప్పు కాదు. నేను ఏ ఖర్చూ లేకుండా చెప్పమన్నాను, అది తప్పు. పెళ్లయి ముప్పై నాలుగేళ్లయింది, పిల్లలు స్థిరపడ్డారు, ఇన్‌హేలర్ చూపిస్తే నాకు చప్పట్లు వస్తాయి. అదే ఇన్‌హేలర్ చూపిస్తే ఆ పిల్లకు సంబంధం పోతుంది. ఒకే మాట ఇద్దరం చెప్పాం, ధర తనొక్కతే చెల్లించింది. పైగా నేను దాచి దాటిన గట్టును దాచకుండా దాటమన్నాను, దాచి దాటానని చెప్పకుండా. ఆ సమావేశంలో నేను చెప్పాల్సిన నిజం అది. అది చెప్పి ఉంటే నాకూ కొంచెం ఖర్చయ్యేది. మా అత్తగారింటి వాళ్లు ముందు వరసలోనే కూర్చుని ఉన్నారు.

ఇంకొకటి. ఒకవైపే చెప్పాల్సిన నిజం నిజం చెప్పుకోవడం కాదు, సంతలో పశువు నోరు తెరిచి పళ్లు చూపించడం. ఇద్దరూ కూర్చుని నాకిది ఉంది, నీకేముంది అని అడుక్కునే పెళ్లిచూపులు ఉంటే అక్కడ దాచినదాన్ని నేనూ మోసమనే అంటాను.

పోయిన ఏడాది ఆఖర్లో ఒకరోజు వాళ్లింటికి పోయాను. ఆమె పొయ్యి దగ్గరే ఉంది. పిల్ల కర్నూలులో ఉద్యోగంలో చేరిందట. హాస్టల్లో కిటికీ మీదే పెట్టుకుంటుందట రెండు ఇన్‌హేలర్లూ. ఆలూరు వైపు నుంచి ఇంకొక సంబంధం వస్తోంది. "మల్లా చెప్తా అంటాది టీచరమ్మా. వద్దని నువ్వన్నా చెప్పు" అంది. నేను చెప్పనన్నాను. వాళ్లొచ్చినరోజు నేనూ వచ్చి కూర్చుంటాను, నాకూ ఉందని, నేను దాచి చేసుకున్నానని చెప్తాను, పిల్లవాడు ఏం తాగుతాడో కూడా అడుగుతాను అన్నాను.

ఆమె రొట్టె తిప్పుతూ నవ్వింది. "నువ్వొస్తే ఇంగ ఆ సమ్మందం కూడా పోతాది" అంది. నవ్వు దగ్గులోకి తిరిగింది, కాసేపటిదాకా ఆగలేదు. కొంగుతో మూతి తుడుచుకుంది. ఈ దగ్గు ఎన్నాళ్లనించి అని అడిగాను. కర్నూలు పోదాం, ఒక్కసారి ఊది చూపించుకుందువు అన్నాను.

"ఇంగా నలభై ఉండాయి" అంది, పిండి ముద్ద చేతిలోకి తీసుకుంటూ. "నువ్వు ఇట్ల జరుగు, పొగ నీమీదికే వస్తాంది."